ఆర్వో కొనే ముందు నీళ్లు పరీక్ష చేయించండి: మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ల తెలుగువాళ్లకు

దెగ్లూర్, ధర్మాబాద్, కిన్వట్ నుంచి రాజురా, సిరోంచ దాకా మనవాళ్లు కొత్త ఇల్లు కడితే గృహప్రవేశానికి ముందే ఆర్వో మెషీన్ బిగిస్తున్నారు. నీళ్లలో ఏముందని అడిగితే మాత్రం "టీడీఎస్ ఎక్కువంట" అన్న జవాబు ఒక్కటే వస్తుంది. ఆ మాట చెప్పింది కూడా మెషీన్ అమ్మడానికి వచ్చిన అబ్బాయే అయ్యుంటాడు.

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, అంతే. అందులో ఏ లవణం ఎంతుందో మీటరు చెప్పదు. టీడీఎస్ 200 ఉన్న చక్కటి తియ్యటి నీళ్లలో కలరా క్రిములు ఉండొచ్చు. 900 ఉన్న ఉప్పదనం నీళ్లలో ప్రమాదమేమీ లేకపోవచ్చు. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, నైట్రేట్‌కు వాసన లేదు. పైగా ఒక దోషానికి పనిచేసే మందు ఇంకో దోషానికి పనిచేయదు. కాబట్టి ముందు దోషమేదో తేల్చుకోవాలి, ఖర్చు సంగతి తర్వాత చూడొచ్చు. ఆ తేల్చుకునే పని ఎట్లా చేయాలో చెప్తాను.

మొదట: ఆ నీళ్లు ఎక్కడివి?

మీ నల్లాలోకి వచ్చే నీళ్లు నదివా, బావివా, బోరువా అన్నది తెలియకుండా ఏ పరీక్ష చేయించినా సగమే అర్థమవుతుంది. వార్ధా, పైన్‌గంగా, మంజీర, ప్రాణహిత, గోదావరి లాంటి నదుల నుంచి తోడిన నీళ్లయితే ముఖ్యంగా భయపడాల్సింది బురద, క్రిములు. బోరు నీళ్లయితే భూమిలో నుంచి వచ్చే ఫ్లోరైడ్, కాఠిన్యం (నీళ్ల గట్టిదనం), ఇనుము చూసుకోవాలి. ఊరి మధ్యనో, చేన్ల మధ్యనో ఉన్న పాత బావి అయితే నైట్రేట్, క్రిములు రెండూ చూడాలి.

ప్రాంతాన్ని బట్టి కూడా అంచనా వేయొచ్చు. చంద్రపూర్, యవత్‌మాళ్, నాందేడ్ జిల్లాల్లో ఫ్లోరైడ్ సమస్య ఉన్న ఊళ్లున్నాయి. కోర్పనా, గడ్‌చందూర్ వైపు నేలంతా సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికి వచ్చింది అందుకే, అక్కడి బోర్లలో నీళ్లు గట్టిగా ఉండేదీ అందుకే. సిరోంచ తాలూకాలో నదీతీరపు ఊళ్లకు వరద భయం. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు ఎన్నో ఊళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అలా మునిగిన బావిని శుద్ధి చేయకుండా వాడకూడదు. ఇక జివతి కొండల్లో మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవేనంటున్న ఊళ్లలో ఉండేవాళ్లు, ఇంటికొచ్చే పైపు ఏ ప్రభుత్వం వేసిందో ముందు కనుక్కోండి. ఏ ఆఫీసుకు పోవాలో దాన్ని బట్టే తేలుతుంది.

రెండో పని: ఉన్న రిపోర్టు అడగండి

చాలామందికి తెలియని సంగతి ఇది. మీ ఊరి నీళ్లను ఇప్పటికే ఎవరో పరీక్షించి ఉండాలి. జల్ జీవన్ మిషన్ నిబంధనల ప్రకారం ప్రతి తాగునీటి వనరుకు ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, రెండుసార్లు క్రిముల పరీక్ష జరగాలి. ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పాలి. మహారాష్ట్రలో దీనికి తోడు పాత పద్ధతి ఒకటుంది. గ్రామపంచాయతీలో జలసురక్షక్ అని ఒకరుంటారు. శాంపిళ్లు తీసేది ఆయనే. ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో నీటి వనరుల చుట్టూ శుభ్రత ఎలా ఉందో సర్వే చేసి పంచాయతీకి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కార్డు ఇస్తారు. వరసగా ఐదేళ్లు ఆకుపచ్చ నిలుపుకుని, నీటి జబ్బులు రాని ఊరికి వెండిరంగు కార్డు, అదే చందేరి కార్డు.

గ్రామసేవక్ (2024 నుంచి ఆ పదవి పేరు గ్రామపంచాయత్ అధికారి) దగ్గరికి వెళ్లి మూడు అడగండి: మా ఊరికి ఏ కార్డు వచ్చింది, చివరిసారి రిపోర్టు ఎప్పుడు వచ్చింది, దాని నకలు ఇస్తారా. మరాఠీలో అడగాల్సి వస్తే "పాణీ తపాసణీ అహవాల్" అంటే చాలు. ఆశా తాయిని కూడా అడగండి, ఊళ్లో విరేచనాల కేసులు ఎక్కడెక్కువ వచ్చాయో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. జల్ జీవన్ మిషన్ వెబ్‌సైట్‌లో ఊరి పేరు పెట్టి చూసినా పరీక్షల ఫలితాలు కనిపిస్తాయి. పట్టణంలో ఉంటే నగర పరిషత్ నీటి సరఫరా విభాగంలో అడగాలి.

కార్డు ఆకుపచ్చగా ఉందని నిశ్చింతగా ఉండొద్దు. ఆ సర్వే చూసేది పరిసరాల శుభ్రత, పైపుల లీకులు, టీసీఎల్ పౌడర్ (బ్లీచింగ్ పౌడర్) నిల్వ లాంటివి. అందులో ఫ్లోరైడ్ సంగతి తెలియదు.

మూడోది: ఇంట్లోనే చూసుకోదగ్గవి

గాజు గ్లాసులో నీళ్లు పట్టి వెలుతురుకు పెట్టి చూడండి. మబ్బుగా ఉంటే క్లోరిన్ కూడా సరిగా పనిచేయదు. టీ డికాషన్ నల్లగా సిరాలా మారినా, పట్టిన నీళ్లు రాత్రి గడిచేసరికి ఎర్రబడినా ఇనుము ఉన్నట్టు. సబ్బు నురగ రాకపోయినా, పప్పు ఎంతకీ ఉడకకపోయినా గట్టి నీళ్లు. పిల్లల పళ్ల మీద తెల్లటి మచ్చలు, గోధుమరంగు గీతలు ఉంటే, అదీ ఒకే వాడకట్టు పిల్లల్లో ఉంటే, ఫ్లోరైడ్ అనుమానించి వెంటనే పరీక్షకు ఇవ్వాలి. అవి తోమితే పోవు, పేస్టు మార్చినా పోవు.

నల్లా నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉందో లేదో చూసే ఓటీ పరీక్ష నిమిషం పని. జలసురక్షక్ దగ్గరో ఆరోగ్య ఉపకేంద్రంలోనో ఓటీ ద్రావణం ఉంటుంది. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. రంగు రాకపోతే క్లోరిన్ లేనట్టే. ఆ ద్రావణం విషం, పరీక్ష చేసిన నీళ్లు పిల్లలకు అందకుండా పారబోయాలి. కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఈ పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, లైన్ చివరి ఇంట్లో చేయాలి. ట్యాంకు కింద ఉన్న ఇంటికి క్లోరిన్ వాసన వస్తుంటే, ఊరి చివరి వాడకట్టుకు చేరేసరికి సున్నా అయిపోవడం మామూలే.

క్రిములకు హెచ్2ఎస్ సీసా దొరుకుతుంది. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నల్లబడితే మలం కలిసిన నీళ్లు. ఆ సీసాను ఇంట్లో పెట్టుకోకుండా బ్లీచింగ్ కలిపి పారేయండి.

నాలుగోది: శాంపిల్ పట్టడం

రిపోర్టు తప్పుగా వచ్చేది చాలావరకు ల్యాబ్‌లో కాదు, శాంపిల్ పట్టడంలో. మహారాష్ట్రలో భూజల సర్వేక్షణ యంత్రణా, అంటే జీఎస్‌డీఏ, జిల్లా కేంద్రంలోనూ కొన్ని తాలూకాల్లోనూ నీటి పరీక్ష ల్యాబులు నడుపుతోంది. మామూలు జనం కూడా నామమాత్రపు ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. మీకు దగ్గర్లో ఏది ఉందో పంచాయతీ సమితిలోని నీటి సరఫరా విభాగంలో చెప్తారు. ప్రైవేటు ల్యాబ్‌కు ఇస్తే ఎన్ఏబీఎల్ (ల్యాబులకు ఇచ్చే జాతీయ గుర్తింపు) ఉందా అని అడగండి. ఆర్వో దుకాణంలో ఉచితంగా చేసే పరీక్ష పరీక్ష కిందికి రాదు.

రసాయన పరీక్షకు లీటరు, రెండు లీటర్ల కొత్త ప్లాస్టిక్ క్యాను చాలు. అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నిండుగా పట్టండి. నూనె క్యాను, కూల్‌డ్రింక్ సీసా వద్దు. బోరింగ్ అయితే కొన్ని నిమిషాలు కొట్టి పాత నీళ్లు పోనిచ్చాకే పట్టాలి.

క్రిముల పరీక్ష పద్ధతి వేరు. ల్యాబ్ ఇచ్చిన శుద్ధి చేసిన సీసాలోనే పట్టాలి, దాన్ని కడగొద్దు. అందులో ఉండే పొడి క్లోరిన్‌ను ఆపడానికి వేసింది, కడిగితే పోతుంది. నల్లా మూతిని శుభ్రంగా తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి, మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టాలి. పైన కొంచెం ఖాళీ ఉంచండి. ఐస్ పెట్టిన డబ్బాలో వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. సిరోంచ లాంటి దూరపు ఊళ్ల నుంచి ఇది కష్టమే. అందుకే ల్యాబ్‌లో ఏ రోజు తీసుకుంటారో ఫోన్‌లో అడిగి, పొద్దున్నే పట్టుకుని మొదటి బస్సు ఎక్కడం మేలు. సీసా మీద ఊరు, వాడకట్టు, వనరు, తేదీ, సమయం రాయడం మరవొద్దు.

ఐదోది: రిపోర్టు చదవడం

రిపోర్టు మరాఠీలోనో ఇంగ్లిష్‌లోనో వస్తుంది. "పిణ్యాస్ యోగ్య" అంటే తాగొచ్చు, "పిణ్యాస్ అయోగ్య" అంటే తాగకూడదు. అక్కడితో ఆగకుండా ఎందుకు అయోగ్యమో చూడండి. గఢూళ్‌పణా అంటే మబ్బుదనం. లోహ అని రాస్తే ఇనుము అని అర్థం చేసుకోండి.

అంకెలను భారత ప్రమాణం ఐఎస్ 10500తో పోల్చాలి. 2012లో సవరించిన ఆ ప్రమాణంలో కొన్నిటికి రెండు హద్దులున్నాయి: ఒకటి ఉండాల్సింది, రెండోది వేరే నీళ్లు దొరకనప్పుడు సర్దుకోదగ్గది. లీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో ఫ్లోరైడ్ 1, సర్దుకుంటే 1.5. టీడీఎస్ 500, సర్దుకుంటే 2000. కాఠిన్యం 200, సర్దుకుంటే 600. నైట్రేట్ 45, ఇందులో సర్దుబాటు లేదు. ఇనుము హద్దు 1. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య. మలం కలిసిందని చూపే క్రిమి ఈ.కోలి మాత్రం 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు.

నా మట్టుకు ముందు చూసేది మూడే: ఈ.కోలి, ఫ్లోరైడ్, నైట్రేట్. కాఠిన్యం 400 వచ్చిందని హడావిడి పడేవాళ్లు చాలామంది ఉన్నారు. గట్టి నీళ్లతో గీజరు పాడవుతుంది, జుట్టు బిరుసవుతుంది, మనిషికి అంత భయం లేదు. అదే ఈ.కోలి వస్తే ఆ సాయంత్రం నుంచే జాగ్రత్త పడాలి.

ఆరోది: ఏ దోషానికి ఏ ఉపాయం

క్రిములు ఉంటే మరిగించడం అన్నిటికంటే నమ్మకమైన దారి. గోరువెచ్చన కాదు, తెర్లు పొంగాలి, పొంగాక ఒక నిమిషం ఉంచి దించాలి. మూత పెట్టి చల్లార్చాలి. గ్యాస్ ఖర్చు అనుకుంటే క్లోరిన్ మాత్రలో, వర్షాకాలంలో ఆశా తాయి ఇచ్చే క్లోరిన్ చుక్కల మందో వాడండి. ఎంత వేయాలన్నది సీసా మీద రాసిన లెక్కనే వేయాలి, వేశాక అరగంట ఆగి తాగాలి. బురద నీళ్లయితే ముందు పటిక తిప్పి తేరనిచ్చి, గుడ్డ మడతలో వడకట్టాకే క్లోరిన్. యూవీ ఫిల్టర్ కూడా తేట నీళ్లలోనే పనిచేస్తుంది. క్యాండిల్ ఫిల్టర్ మబ్బును తీస్తుంది కానీ క్రిములన్నిటినీ ఆపుతుందని నమ్మొద్దు.

ఫ్లోరైడ్, నైట్రేట్ విషయంలో మరిగించడం పొరపాటు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అంతే ఉంటుంది, అంటే ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్‌కు మొదటి ఉపాయం వేరే నీళ్లు వెతకడం. వంద మీటర్ల దూరంలోనే రెండు బోర్లలో ఫ్లోరైడ్ వేర్వేరుగా ఉండొచ్చు. సాధారణంగా లోతు బోరు కంటే పాత చేదబావిలో తక్కువ ఉంటుంది. కాబట్టి వాడకట్టులో అన్ని వనరులూ పరీక్షించి, తక్కువున్న దాన్ని తాగడానికి, వంటకు ఉంచుకోండి. స్నానానికి, బట్టలకు ఫ్లోరైడ్ నీళ్లతో ఇబ్బంది లేదు. ఎక్కువున్న బోరింగ్‌కు ఎర్ర రంగు పూసే పద్ధతి ఉంది. ఆ రంగు వెలిసిపోతే మళ్లీ పూయించండి, ఊరికి కొత్తగా వచ్చిన కూలీలకు ఆ సంగతి తెలియదు. ఏ దారీ లేకపోతే ఆర్వో. ఇక్కడ ఆర్వోకు డబ్బు పెట్టడం సబబే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970ల్లో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది, దానికి మన నల్లగొండ పేరే పెట్టారు. కానీ పాళ్లు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది, ఇంట్లో అంచనాగా చేయొద్దు.

నైట్రేట్ ఎక్కువుంటే బావి పక్కన చూడండి. పెంటకుప్పో, పశువుల కొట్టమో, మరుగుదొడ్డి గుంతో, యూరియా దండిగా చల్లే పత్తిచేనో ఉంటుంది. ఆరు నెలల్లోపు పసిబిడ్డకు ఆ నీళ్లతో డబ్బాపాలు కలపడం ప్రమాదం, రక్తంలో ఆక్సిజన్ అందక ఒళ్లు నీలంగా మారొచ్చు. తల్లిపాలు తాగే బిడ్డకు ఆ భయం లేదు. పెంటకుప్పను దూరం జరపడం ఆర్వో కంటే చవక, కానీ నీళ్లు మారడానికి కాలం పడుతుంది.

ఇనుముకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఎత్తు నుంచి ధారగా పోసి గాలి తగలనిచ్చి, రాత్రంతా రంజన్‌లో ఉంచితే ఎర్ర మడ్డి అడుగుకు దిగుతుంది. పై నీళ్లు ఇసుక ఫిల్టర్‌లోనో గుడ్డలోనో వడకట్టుకోవాలి.

ఆర్వో ఇప్పటికే ఉంటే, టీడీఎస్ మీటరు పనికొచ్చే చోటు అదే. లోపలికి పోయే నీళ్లకూ బయటికొచ్చే నీళ్లకూ తేడా నెలనెలా రాసుకోండి. తేడా తగ్గుతుంటే పొర పాతబడింది, ఫ్లోరైడ్ కూడా దాటి వస్తోందన్నమాట. ఇక ప్లాస్టిక్ జార్లలో ఆటో మీద ఇంటికొచ్చే చల్లటి నీళ్లకు సీల్ ఉండదు, ఐఎస్ఐ గుర్తూ ఉండదు. అవి శుద్ధమైనవన్నది నమ్మకం మాత్రమే.

ఏడోది: నల్లాకు మోటరు పెట్టకండి

వేసవిలో రాజురా అయినా బిలోలి అయినా నీళ్లు రోజు విడిచి రోజో, ఇంకా ఆలస్యంగానో వస్తాయి. నీళ్లు లేనప్పుడు పైపు ఖాళీగా ఉంటుంది. ఆ పైపు మోరీ పక్క నుంచో, మోరీలో నుంచో పోతుంటుంది. ఎక్కడో జాయింటు కారుతుంటుంది. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపు నీళ్లు బయటికి కారతాయి, ఒత్తిడి లేనప్పుడు బయటి మురికి లోపలికి వస్తుంది. ఆ సమయంలో ఎవరైనా మోటరు పెట్టి లాగితే మోరీ నీళ్లు ఇంకా గట్టిగా లోపలికి వస్తాయి. మోటరు పెట్టిన ఇంటికే కాదు, ఆ లైన్ మీదున్న ఇళ్లన్నిటికీ ఆ మురికి చేరుతుంది. ఈ మాట చెప్తే పక్కింటివాళ్లతో గొడవ అవుతుందని నాకు తెలుసు. అయినా వాడకట్టులో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇది.

నల్లా వచ్చిన మొదటి కొన్ని నిమిషాల నీళ్లు తాగడానికి పట్టొద్దు, వాటితో గిన్నెలు తోముకోండి. వాల్వు గుంతలో మురికినీళ్లు నిలిచి ఉంటే ఫోటో తీసి పెట్టండి, ఫిర్యాదుకు పనికొస్తుంది. 2025 జనవరిలో పుణెలో సింహగఢ్ రోడ్డు వైపు జీబీఎస్ (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బు) కేసులు గుంపుగా వచ్చినప్పుడు అందరి అనుమానమూ నీళ్ల మీదికే పోయింది. అప్పుడు వార్తల్లో వచ్చిన నాందేడ్ పుణె పక్కన ఉన్నది, మన నాందేడ్ కాదు. కానీ పెద్ద నగరంలోనే అట్లా ఉంటే మన ఊళ్లలో కళ్లు మూసుకుని తాగలేం.

ఎనిమిదోది: బావికి, ట్యాంకుకు టీసీఎల్

మన దగ్గర వాడే లెక్క వెయ్యి లీటర్లకు 5 గ్రాముల టీసీఎల్ పౌడర్. బావిలో నీళ్లెన్నో ఇలా లెక్కకట్టండి: వెడల్పును మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, 0.785తో, నీటి లోతుతో గుణిస్తే వెయ్యి లీటర్ల లెక్క వస్తుంది. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీళ్లుంటే సుమారు 28 వేల లీటర్లు, అంటే 140 గ్రాముల పౌడర్.

పౌడర్‌ను నేరుగా బావిలో చల్లడం చాలాచోట్ల చూస్తాం, అది సగం వృథా. బకెట్లో కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి, మిగతా నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు ఆగండి. సున్నం అడుగుకు దిగుతుంది. పైతేట మాత్రమే వేరే బకెట్లోకి వంచి, తాడుతో బావిలోకి దించి నీళ్లలో పైకీ కిందికీ ఆడించాలి. సున్నం బావిలో వేస్తే నీళ్లు ఇంకా గట్టిబడతాయి. ఈ పని రాత్రి చేసి తెల్లారి తోడుకుంటే మంచిది, కనీసం గంట ఆగాలి. పొద్దున ఓటీ పరీక్షలో పసుపు రాకపోతే మళ్లీ వేయాలి. చేతులకు గ్లవ్స్, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

కొత్త పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. పంచాయతీ ఆఫీసు మూలన తెరిచిన బస్తాలో చెమ్మ పట్టి గడ్డకట్టినదాంట్లో ఎంత మిగిలిందో చెప్పలేం. 20 శాతం కంటే తగ్గితే వాడకూడదు. గ్రామసభలో బస్తా తేదీ అడగండి, అడిగేవాళ్లుంటే మూత పెట్టడం మొదలవుతుంది. మునిగిన బావి అయితే ముందు నీళ్లు తోడిపారేసి, బురద తీసి, ఆ తర్వాతే టీసీఎల్. ఆ బావి నీళ్లు పరీక్షలో యోగ్యమని వచ్చేదాకా మరిగించే తాగాలి.

ఎవరూ పలకకపోతే

నోటి మాట కాదు, రాసి ఇవ్వండి. గ్రామసేవక్‌కు, ఒక నకలు పంచాయతీ సమితిలో గటవికాస్ అధికారికి (బీడీవోకు), క్రిములు తేలితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్‌కు కూడా. మీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. రిపోర్టు జత చేయండి. మరాఠీ రాయడం రాకపోతే బడిలో మరాఠీ మాధ్యమంలో చదివే మీ పిల్లలే రాసిస్తారు. రిపోర్టు నకలు ఇవ్వకపోతే 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి మాహితీ అధికార్ (సమాచార హక్కు) కింద దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక ఇంటి సంతకం కంటే వాడకట్టు మొత్తం సంతకాలు పెట్టిన కాగితం త్వరగా కదులుతుంది.

ఫ్లోరైడ్, నైట్రేట్ పరీక్ష మళ్లీ ఏప్రిల్‌లో, నీళ్లు అడుగంటినప్పుడు చేయించండి. అంకె అప్పుడే ఎక్కువ చూపే అవకాశం ఉంది. క్రిముల పరీక్ష మొదటి వానలు పడ్డ వారం, పది రోజుల్లో ఒకటి, వానలు వెనక్కి తగ్గాక అక్టోబర్‌లో ఒకటి. బోరు ఇంకా లోతు దించినా, పైపులైన్ మార్చినా పాత రిపోర్టు చెల్లదు.